స్త్రీలపై హింసా నివారణ పరిశోధన వేతనములు, భాషాసమస్య: ఖరగ్‌పూర్ తెలుగువారి నిదర్శనము

1. పరిశోధన వేతనముల స్వరూపము

స్త్రీలపైనను బాలికలపైనను జరుగు హింసను నివారించు మార్గములను గూర్చి పరిశోధించువారికి నియతకాలము వేతన మిచ్చి పోషించు పద్ధతి గడచిన ఇరువది, ముప్పది సంవత్సరములలో పెక్కు దేశములయందు స్థిరపడినది. వ్యవహారమున దీనిని ఫెలోషిప్ అందురు. నేరము జరిగిన పిమ్మట దోషిని శిక్షించుట న్యాయస్థానముల పని; నేరమునకు గల కారణములను కనిపెట్టి, అది జరుగకమునుపే అడ్డుపడు ఉపాయములను పరీక్షించుట ఈ పరిశోధకుల పని. న్యాయస్థానము ముందునకు వచ్చునది ఒక్క సంఘటనము. పరిశోధకుల ముందుండునది వాడ యంతయు. న్యాయస్థానమునకు ఎన్నడును చేరని మాటలే వీరికి ముఖ్యాధారములు.

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధిసభ 1993 డిసెంబరు 20న స్త్రీలపై హింసను తొలగించుటకై చేసిన ప్రకటనము ఈ పరిశోధనమునకు నిర్వచనమును సమకూర్చినది. దైహికహింసతోపాటు లైంగిక, మానసిక హింసలును అందులో చేరినవి. ఇంటిలోపల జరుగునదియు వీధిలో జరుగునదియు సమానముగా పరిగణింపబడినవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 10 దేశములలో 24 వేలకు పైగా స్త్రీలను ప్రశ్నించి 2005లో ఒక నివేదికను వెలువరించినది. దక్షిణాఫ్రికా కేంద్రముగా పనిచేయుచున్న సెక్షువల్ వయొలెన్స్ రీసెర్చ్ ఇనిషియేటివ్ అను సంస్థ 2003లో ఏర్పడినది. బ్రిటిష్ ప్రభుత్వము 2013లో ఆరంభించిన ‘వాట్ వర్క్స్’ పథకమునకు 2 కోట్ల 50 లక్షల పౌండ్లు కేటాయింపబడినవి.

ఇట్టి పరిశోధనముల ఫలితమునకు ఉగాండా రాజధాని కంపాలాలో నడచిన ‘ససా’ కార్యక్రమము ప్రసిద్ధోదాహరణము. స్వాహిలి భాషలో ససా అనగా ‘ఇప్పుడు’. వాడలోని సామాన్యులే ఇరుగుపొరుగువారితో అధికారమును గూర్చి, దెబ్బలను గూర్చి సంభాషించుట దాని విధానము. 2014లో ప్రకటితమైన ఫలితముల ననుసరించి, ఆ కార్యక్రమము జరిగిన వాడలలో గడచిన ఏడాదిలో భర్తలచేత దెబ్బలు తిన్న స్త్రీల పాలు, జరుగని వాడలతో పోల్చగా సుమారు సగము మాత్రమే యుండెను. అచట పనిచేసినది ఉపన్యాసము కాదు, ఇంటిభాషలో జరిగిన సంభాషణము. కార్యక్రమము పేరు సైతము ప్రజల నోటిమాటయే యగుట గమనింపదగినది.

మన దేశమున ఇట్టి పనికి ఆధారములు ప్రధానముగా రెండు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఇచ్చు జూనియర్, సీనియర్ పరిశోధన వేతనములు మొదటివి; 1969లో స్థాపితమైన భారతీయ సామాజికశాస్త్ర పరిశోధన పరిషత్తు ఇచ్చు డాక్టరేటు, పోస్ట్ డాక్టరేటు వేతనములు రెండవవి. నిధుల సంఘపు జూనియర్ వేతనము 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలకును, సీనియర్ వేతనము 42,000 రూపాయలకును పెంపబడినవి. గ్రంథములు, ప్రయాణములు మున్నగువానికి ఆకస్మిక వ్యయనిధి యొకటి కలదు. మానవీయ, సామాజిక శాస్త్రములలో అది మొదటి రెండేండ్లును ఏటికి 10,000 రూపాయలు, పిదప 20,500 రూపాయలుగా నిర్ణయింపబడినది. దుబాసీ వేతనము, ప్రశ్నావళి అనువాదము, సాక్ష్యముల లేఖనము ఏవి కావలసినను ఆ స్వల్పధనములోనే ఇముడవలెను. పరిశోధకులకు తాము పోవు చోటి భాష వచ్చునని ఈ లెక్క ముందుగానే ఊహించుకొన్నట్లున్నది. ఆ ఊహ ఎంతవఱకు నిలుచునో పరీక్షించుటకు ఖరగ్‌పూర్ వంటి బహుభాషానగరము తగిన నికషము.

2. తెలుగునాట పూర్వనిదర్శనములు

ఇట్టి పరిశోధనము తెలుగువారికి క్రొత్త కాదు. వేతనము, పరిశోధకుడు అను పేర్లు లేకున్నను పందొమ్మిదవ శతాబ్దపు చివరనే ఉత్తరాంధ్రమున దీనికి అంకురార్పణము జరిగినది. విజయనగర సంస్థానాధిపతి యైన ఆనందగజపతి కాలమున, విశాఖపట్టణ మండలములో మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహముల పట్టిక యొకటి సిద్ధము చేయబడెను. ఆ సంగతిని గురజాడ అప్పారావు 1897లో ప్రకటించిన ‘కన్యాశుల్కము’ తొలికూర్పు పీఠికలో తెలిపెను. పట్టికకెక్కిన వివాహములు 1,034. వారిలో అయిదేండ్ల ప్రాయమున వివాహమైన బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాదివారు ముగ్గురు. ధనము పుచ్చుకొన్నామని ఒప్పుకొనుటకు సంబంధికులు ఇష్టపడనందున ఆ పట్టిక సమగ్రము కాదని కూడ గురజాడ గుర్తించెను. హింసను గూర్చిన లెక్క ఎల్లప్పుడును వాస్తవమునకు తక్కువగానే యుండునని నేటి గణకులు చెప్పు మాట ఆనాడే అచట కనబడుచున్నది.

ఈ నిదర్శనములో ఇంకొక విశేషము కలదు. పట్టిక సంఖ్యను తెలిపినది. ఆ సంఖ్య వెనుకనున్న బేరములను, బుకాయింపులను, తల్లి యేడ్పును తెలిపినది నాటకము. ఆ నాటకము వ్యావహారికమున వ్రాయబడుట యాదృచ్ఛికము కాదు. పిల్లను అమ్ముకొను తండ్రి తన పనిని ఏ మాటలతో సమర్థించుకొనునో, ఆ మాటలు తెలియనిదే ఆ పని మాన్పించు ఉపాయమును తెలియదు.

శతాబ్దము గడచిన పిమ్మట నెల్లూరు మండలమున ఇదే విషయము వేఱొక రీతిని ఋజువైనది. అక్షరాస్యతా ఉద్యమమున క్రొత్తగా చదువు నేర్చిన స్త్రీలకై వ్రాసిన వాచకములోని ‘సీతమ్మ కథ’, తాగుబోతు భర్తల చేతిలో నలిగిన స్త్రీల అనుభవమునకు అద్దమువలె నిలిచినది. 1992లో దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటను మ్రోగినది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమంతటను సారా నిషేధింపబడెను. ఇంటిదెబ్బలను తగ్గించుటకు జరిగిన ఈ ప్రయత్నమునకు బీజము ఒక పాఠము. ఆ పాఠమునకు బలము దాని తెలుగు.

హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను కూడ ఈ సందర్భమున స్మరింపవలెను. తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల కథనములను వారి పలుకుబడిలోనే ఆ గ్రంథము భద్రపఱచినది. చెప్పిన మాటను శిష్టభాషలోనికి మార్చక నిలుపుట సాహిత్యరుచికి సంబంధించిన విషయమే కాక, సాక్ష్యము యొక్క ప్రామాణ్యమునకు సంబంధించిన విషయమని ఆ గ్రంథము స్థాపించినది.

3. ఖరగ్‌పూర్‌లోని తెలుగువారు

ఖరగ్‌పూర్ పశ్చిమ వంగరాష్ట్రమున పశ్చిమ మేదినీపూర్ మండలమునకు చెందిన రైలునగరము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ నగరమును తన ప్రధాన కూడలిగా పెంచినది. తూర్పుతీరపు మార్గములో కటకమునుండి వాల్తేరు వఱకు గల భాగము 1902లో ఆ కంపెనీకి చేరినది. అప్పటినుండి వాల్తేరు, హౌరాల నడుమ ఒక్క కంపెనీ బండ్లే నడచినవి. ఖరగ్‌పూర్‌లో నెలకొన్న పెద్ద వర్కుషాపునకు పనివారు కావలసివచ్చిరి. కఱవులచేతను భూమిలేమిచేతను నలిగిన శ్రీకాకుళ, విజయనగర, విశాఖ ప్రాంతముల జనులు ఆ బండ్లలోనే ఉత్తరమునకు పోయిరి. 1927 నాటి ప్రసిద్ధమైన రైలు కార్మికుల సమ్మెకు ఖరగ్‌పూర్ కేంద్రము. ఆ కార్మికసంఘ నాయకులలో వరాహగిరి వెంకటగిరి యొకడు. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడిన పిదపను పట్టణపు తెలుగుతనము చెక్కుచెదరలేదు. మథురాకాటి, నీంపురా మున్నగు వాడలలో మూడు నాలుగు తరముల తెలుగు కుటుంబములు నేటికిని కలవు. 2020 డిసెంబరులో పశ్చిమ వంగరాష్ట్ర మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగ నిర్ణయించుటకు ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల వాంఛయే ముఖ్యకారణము.

ఇట్టి నగరమున స్త్రీ జీవితము నాలుగు భాషల నడుమ నడచును. ఇంటిలో ఉత్తరాంధ్రపు తెలుగు. సంతలోను, వర్కుషాపు పరిసరములలోను హిందీ. ప్రభుత్వ కార్యాలయములోను పోలీసు ఠాణాలోను వంగభాష. పిల్లల బడిలో తఱచుగా ఇంగ్లీషు. పురుషుడు పనిచోట ఈ భాషలను అలవఱచుకొనును. శ్రీకాకుళపు పల్లెనుండి కోడలుగా వచ్చిన స్త్రీకి అట్టి అవకాశము తక్కువ. తెలుగు తప్ప వేఱొకటి రాని కాలమే ఆమెకు అత్తవారింట అత్యంత బలహీనమైన కాలము కూడ.

ఈ స్థితికి రైలు కాలనీ లక్షణ మొకటి తోడగును. క్వార్టరు ఉద్యోగి పేరనుండును. ఉద్యోగి తఱచుగా భర్త. భర్తపై నోరు విప్పినచో అతని ఉద్యోగమునకు, దానితో ఇంటికి ముప్పు వచ్చునను భయము సహజము. పుట్టిల్లు ఒక రాత్రి రైలుప్రయాణపు దూరమున నుండును. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించు 2005 నాటి చట్టము, 17వ విభాగమున, ఇల్లు ఎవరి పేరనున్నను ఉమ్మడిగా కాపురమున్న ఇంటిలో నివసించు హక్కును స్త్రీకి ఇచ్చినది. కాని ఆ హక్కు తనకు కలదని ఆమెకు తెలియుటకు ఆ మాట ఏదో యొక భాషలో ఆమె చెవిని పడవలెను.

మేదినీపూర్ ప్రాంతము స్త్రీల విషయమున చారిత్రకముగా ప్రసిద్ధమైనది. వితంతు వివాహమునకై వంగభాషలో కరపత్రములు వ్రాసి, 1856 నాటి చట్టమునకు దారితీసిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఈ మండలపు వీరసింహ గ్రామమున 1820లో జన్మించెను. ఆయన పేర వెలసిన విశ్వవిద్యాలయము ఖరగ్‌పూర్‌నకు చేరువనున్న మేదినీపూర్‌లో కలదు. దక్షిణ భారత విద్యాసాగరుడని పేరందిన కందుకూరి వీరేశలింగము 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించెను. ఉభయులును తమ జనుల భాషలో వాదించుటచేతనే కృతకృత్యులైరి. ఆ రెండు భాషలును నేడు ఒకే వీధిలో నున్న ఖరగ్‌పూర్‌లో పరిస్థితి భిన్నమైనది: ఒకరి మాట వేఱొకరికి చేరునప్పుడు అర్థము మాఱుచున్నది.

4. సమానశబ్దములు, భిన్నార్థములు

తెలుగు, వంగభాషలు రెండును సంస్కృతమునుండి విస్తారముగా పదములను గైకొన్నవి. రూపసామ్యము వలన ఒకరి మాట వేఱొకరికి తెలిసినదను భ్రాంతి కలుగుచుండును. హింసా విషయమున ఈ భ్రాంతి అపాయకరము.

‘హింస’ అను పదమునే చూడవచ్చును. తెలుగు స్త్రీ “హింస పెడుతున్నాడు” అన్నచో బాధించుచున్నాడని అర్థము. వంగభాషా వ్యవహారమున అదే పదమునకు ఈర్ష్య, అసూయ అనునవి నిత్యార్థములు. ‘అత్యాచారము’ నేటి తెలుగు పత్రికలలో లైంగికాత్యాచారమునకు రూఢమైనది. వంగభాషలోను హిందీలోను అది సామాన్యముగా క్రూరపు బాధను, పీడనమును తెలుపును. లైంగిక నేరమునకు వంగభాషలో ‘ధర్షణ’ అని వేఱు మాట కలదు. దెబ్బలను గూర్చి వంగభాషలో వ్రాసిన కాగితము, పదము మార్పకయే తెలుగులోనికి వచ్చినచో లైంగిక నేరముగా కనబడును; తెలుగు స్త్రీ సిగ్గు విడిచి చెప్పిన లైంగిక నేరము, పదము మార్పకయే వంగభాషలోనికి పోయినచో వట్టి కాపురపు బాధగా వ్రాయబడును. ‘అభియోగము’ వంగభాషలో ఫిర్యాదు. తెలుగులో న్యాయస్థానము మోపు నేరారోపణము. స్త్రీలపై హింసకు వంగభాష వాడు ‘నారీ నిర్యాతన’ తెలుగు సామాన్యులకు తెలియదు. ఆ సంస్కృతపదమునకు పగతీర్చుకొనుట అనునది ఒక అర్థము.

బంధువాచకముల విషయము ఇంతకన్న జటిలమైనది. కోస్తా గ్రామీణ వ్యవహారమున భార్య భర్తను ‘మావ’ అని పిలుచుట పెక్కు కులములలో కలదు. ఆ ‘మావ’యే మేనమామ, మామగారును ఆతడే కావచ్చును. వంగభాషలో ‘మామా’ అనగా తల్లి సోదరుడు మాత్రమే. “మావ కొట్టాడు” అను రెండు పదముల వాక్యము వంగభాష మాత్రమే తెలిసిన లేఖకుని చెవిని పడినచో నేరస్థుడే మాఱిపోవును. ‘బావ’ యనునదియు ఇట్టిదే: భర్త, అక్కభర్త, మేనబావ ముగ్గురును ఆ పేరనే పిలువబడుదురు. ‘అత్త’ భర్తతల్లి, మేనత్త, మేనమామ భార్య. వంగభాషలో భర్తతల్లికి, తండ్రి సోదరికి వేఱువేఱు పేర్లుండుట వలన, “అత్త అన్నము పెట్టలేదు” అనుమాటకు ఏ అత్త అని మఱల అడుగవలసియుండునని అచటి లేఖకునకు తోచదు.

ఈ గజిబిజి వ్యాకరణపు వినోదము కాదు. మేనరికపు వివాహములున్న కుటుంబములలో అత్త నిజముగా తండ్రి తోబుట్టువే యగును. ఆమెపై ఫిర్యాదు చేయుట తండ్రి యింటిపై ఫిర్యాదు చేయుటయే యగును. అట్టి స్త్రీకి తిరిగిపోవ పుట్టిల్లు సగము మూసియే యుండును. బంధువాచకమును సరిగా గ్రహింపని పరిశోధకులు ఆ స్త్రీ మౌనమునకు గల కారణమును గ్రహింపలేరు.

5. కర్తను దాచు వాక్యములు

అనువాదము లేకున్నను చిక్కు తీరదు. పరిశోధకులు తెలుగువారే యైనను, హింసను గూర్చి తెలుగు ఎట్లు మాటాడునో ఎఱుగవలసియున్నది.

గృహహింసను చెప్పు తెలుగు వాక్యములలో కర్త తఱచుగా కనబడడు. “దెబ్బ తగిలింది” అను వాక్యమున దెబ్బయే కర్త, కొట్టినవాడు లేడు. మెట్లపై జారిపడినను, భర్త తోసినను ఆస్పత్రిలో ఈ ఒక్క వాక్యమే చెల్లును. “కొట్టుకున్నారు” అను పరస్పరార్థక రూపము ఒకరి దెబ్బను ఇద్దరి కలహముగా మార్చును. “ఇంట్లో గొడవ” అను మాటలో మందలింపు మొదలు ప్రాణాపాయము వఱకు అన్నియు ఇముడును. “చెయ్యి చేసుకున్నాడు” అను జాతీయము కొట్టుటను ఒక క్షణపు తొందరపాటుగా చిత్రించును. “బుద్ధి చెప్పాడు” అనునది దెబ్బకు గురుత్వమును ఆపాదించును. మఱియొక వంక, ‘ఆరళ్ళు’, ‘సాధింపు’, ‘రాచిరంపాన పెట్టుట’ వంటి పదములలో దెబ్బ లేని హింసను సూక్ష్మముగా వర్ణించు శక్తి కలదు. 2005 నాటి చట్టము మాటలచేతను, మనసును నొప్పించుటచేతను, డబ్బు అందనీయకపోవుటచేతను జరుగు హింసను కూడ హింసగా గుర్తించినది. ఆ చట్టపు శాస్త్రీయ పదములకన్న ‘ఆరళ్ళు’ అను పాతమాట ఆ యర్థమును స్త్రీకి త్వరగా అందించును.

ప్రశ్న రూపమును ఇట్లే పరీక్షింపవలెను. జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము అయిదవ విడత 2019-21లో జరిగినది. వివాహమైన 18-49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 29 మంది భర్తల హింసకు గురియైనవారని అది తెలిపినది. హింసకు గురియైన స్త్రీలలో ఎవరి సహాయమునైనను కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. ఏదో యొక కారణమున భర్త భార్యను కొట్టుట సమంజసమే యని ఒప్పుకొన్న స్త్రీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశములలో నూటికి సుమారు 84 మంది. పశ్చిమ వంగరాష్ట్రమున సుమారు 42 మంది. ఖరగ్‌పూర్ తెలుగు స్త్రీ ఈ రెండు సంఖ్యల నడుమ నిలిచియున్నది. ఆమె వంగరాష్ట్రపు లెక్కలో చేరును; ఆమె భాషయు, కులాచారములును ఆంధ్రము నుండి వచ్చినవి. రాష్ట్రమంతటికి కలిపి తీసిన సగటు ఆమెను గూర్చి ఏమియు చెప్పజాలదు.

ఇంతటి భేదమునకు సాంఘిక కారణములే ముఖ్యములు కావచ్చును. అయినను భాషాపండితులు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. ఇట్టి విషయమును ఒక పరిశోధకుడు “ఫలానా సందర్భములో భర్త కొట్టవచ్చునా?” అని తెలుగులో అడిగినాడనుకొందము. ‘వచ్చు’ అను సహాయక్రియ అనుమతిని, సంభావ్యతను రెండింటిని తెలుపును. “కొట్టవచ్చును” అని బదులిచ్చిన స్త్రీ, కొట్టుటకు అతనికి హక్కు కలదని చెప్పినదా, కొట్టు ప్రమాదము కలదని చెప్పినదా? “కొడితే తప్పా?” అని అడిగినచో ఒకతీరు సమాధానము, “కొట్టడం న్యాయమేనా?” అని అడిగినచో వేఱొకతీరు సమాధానము వచ్చుట అసంభవము కాదు. పరిశోధనము ప్రారంభమునకు ముందే ఇట్టి రూపములను కొందఱు స్త్రీలయెదుట పరీక్షించి, వారు గ్రహించిన అర్థమును నిర్ధారించుకొనవలెను. ఆ పనికి వ్యాకరణవేత్త, సామాజికశాస్త్రవేత్త కలిసి కూర్చుండవలసియున్నది.

6. చట్టము, దుబాసి

చట్టము ఈ సమస్యను పాక్షికముగా గుర్తించినది. బాలలపై లైంగిక నేరములను నిరోధించు 2012 నాటి చట్టము, 19వ విభాగమున, వ్రాసికొను భాష బాలునికో బాలికకో అర్థము కానిచో అర్హతగల అనువాదకుని నియమింపవలెనని, అతనికి రుసుము చెల్లింపవలెనని స్పష్టముగా విధించినది. 26వ విభాగమును ఇట్టి సహాయమునే పేర్కొన్నది. సాక్షి న్యాయస్థానభాష కాక వేఱొక భాషలో చెప్పినచో, సాధ్యమైనచోట ఆ భాషలోనే వ్రాసికొనవచ్చునని 1973 నాటి దండవిచారణ స్మృతి 277వ విభాగమున నుండెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయు ఆ విధిని నిలుపుకొన్నది. అయినను ఇవి న్యాయస్థానమునకు చేరినవారికి సంబంధించిన రక్షణములు. నూటికి 14 మంది తప్ప సహాయమే కోరని స్థితిలో, మిగిలినవారి మాటను వినవలసినది పరిశోధకులే.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2001లో ప్రకటించిన నీతినియమములు హింసా పరిశోధనమున స్త్రీ క్షేమమును అన్నిటికన్న మిన్నగా నిలిపినవి. సమాధానము చెప్పినందులకు ఆమెకు దెబ్బలు పడరాదు. చెప్పిన మాట పొక్కరాదు. సహాయము కావలసినచో చూపుటకు చోటు సిద్ధముగా నుండవలెను. భాష రాని పరిశోధకులు ఈ నియమములను తెలియకయే ఉల్లంఘింతురు. దుబాసికి డబ్బు లేనప్పుడు చేతికి అందినవారే దుబాసులగుదురు. రైలు కాలనీలో పొరుగింటి స్త్రీ భర్తయు, ఈ స్త్రీ భర్తయు ఒకే వర్కుషాపులో పనిచేయుచుందురు. పొరుగామె చెవిని పడిన మాట మఱునాటికి వర్కుషాపునకు చేరవచ్చును. ఇంతకన్న విషాదకరమైనది ఇంటి బిడ్డయే దుబాసి యగుట. బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్చిన పదేండ్ల కూతురు, తండ్రి తల్లిని ఏమి చేసెనో తల్లి నోట విని, అపరిచితునకు వేఱొక భాషలో చెప్పవలసివచ్చును. తల్లి ఆ బిడ్డ యెదుట అన్నియు చెప్పదు. చెప్పినను ఆ బిడ్డ అన్నియు అనువదింపదు. అనువదించినచో ఆ భారమును మోయవలసినది ఆ బాలికయే. హింసను నివారింపవచ్చిన పరిశోధనము ఒక బాలికపై క్రొత్త బరువును మోపిన దగును.

7. చేయదగిన పనులు

పైని చెప్పిన విషయములనుండి కొన్ని కర్తవ్యములు తేలుచున్నవి.

మొదటిది: స్త్రీలపై హింసను గూర్చిన పరిశోధన వేతనముల ఎంపికలో, క్షేత్రపు భాషలో అభ్యర్థికి గల ప్రవేశము ఒక అర్హతగా పరిగణింపబడవలెను. భాష రానిచో శిక్షణ పొందిన స్త్రీ దుబాసికి ప్రత్యేకమైన పద్దు నుండవలెను. ఆ దుబాసి అదే కాలనీకి చెందినది కారాదు. ఖరగ్‌పూర్ విషయమున ఇది దుర్లభము కాదు. శ్రీకాకుళ, విజయనగర మండలములలో చదువుకొన్న యువతులు పెక్కుమంది కలరు, రైలుమార్గమును కలదు.

రెండవది: స్త్రీ చెప్పిన వాక్యము మొదట తెలుగులిపిలో, పలికినది పలికినట్లే లిఖింపబడవలెను. అనువాదము దాని ప్రక్క నుండవలెను, దాని స్థానమున నుండరాదు. సందేహము కలిగినప్పుడు మూలవాక్యమునకు మరలుటకు అవకాశముండును. బంధువాచకము వచ్చిన ప్రతిచోట వ్యక్తిసంబంధము వేఱుగా నమోదు కావలెను.

మూడవది తెలుగు శాఖల బాధ్యత. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో ప్రకటించిన ‘మాండలిక వృత్తిపదకోశము’ తొలిసంపుటము వ్యవసాయపదములను ఊరూర తిరిగి సేకరించినది. చేనేతపదముల సంపుటము 1971లో వచ్చినది. నాగలికిని మగ్గమునకును గల ప్రతి భాగమునకు ఏ ప్రాంతమున ఏ పేరో ఆ విధముగా తెలిసినది. ఇంటిలోని బాధకు ఏ ప్రాంతమున ఏ పేరో తెలుపు కోశము అట్టి పద్ధతిలో ఇంకను కూర్పవలసియున్నది. ప్రతి పదమునకు ప్రాంతము, పలుకువారి వయస్సు, తీవ్రత, హిందీ వంగభాషలలో తుల్యార్థకము, పొరపాటున అట్లు తోచు పదము చూపబడవలెను. చెప్పిన స్త్రీ గుర్తు తెలియు వివర మేదియు అందుండరాదు. అట్టి కోశము పరిశోధకులకే కాక రక్షణాధికారులకు, వైద్యులకు, ఠాణా లేఖకులకు సైతము ఉపకరించును. భాషాసేకరణమున దీక్షగల ఒకరిద్దరు పరిశోధకులకు రెండు మూడేండ్ల వేతనముతో సాధ్యమగు పని యిది.

నాలుగవది: ఫలితములు స్త్రీలకు మరల చేరవలెను. పరిశోధన గ్రంథము ఇంగ్లీషులో వెలువడి గ్రంథాలయమున నిలిచిపోయినచో మాట లిచ్చిన స్త్రీలకు ఒరిగిన దేమియు నుండదు. ‘సీతమ్మ కథ’ వలె ఒక పాఠముగనో, వాడలో చదివి వినిపించు కథగనో, తెలుగులో నడచు సంభాషణముగనో అది తిరిగి మథురాకాటికి, నీంపురాకు చేరవలసియున్నది. కంపాలా అనుభవము తెలుపునదియు ఇదియే.

హింసానివారణ పరిశోధనమున భాషాశాస్త్రము అలంకారము కాదు. ‘మావ’ ఎవరో తెలియని లేఖకుడు నిర్దోషిని దోషిగను, దోషిని నిర్దోషిగను వ్రాయగలడు; ‘హింస’ అను మాటను అసూయగా గ్రహించిన అధికారి ఒక స్త్రీని ఆ రాత్రికి అదే యింటికి పంపివేయగలడు. వేతనములను మంజూరు చేయు సంస్థలు విషయము, కాలము, ధనము అనువాటితోపాటు ఏ భాషలో అను ప్రశ్నను కూడ దరఖాస్తులో అడుగుట ఆరంభించినచో, వంగభూమిలోని తెలుగు స్త్రీకే కాక, తన భాష మాటాడని ఊరిలో కాపురముండు ప్రతి స్త్రీకిని మేలు కలుగును.